బరువుగా తిరిగొచ్చే పెట్టె

1943 వేసవి. బిలాస్‌పూర్ స్టేషన్లో నేను బాక్స్ పోర్టరుగా చేరి అప్పటికి ఎనిమిదేళ్లయింది. ఈ పని గురించి ఇప్పటివాళ్లకు తెలియదు కాబట్టి ముందు అది చెబుతాను. గూడ్సు బండి గార్డుకు ఒక చెక్కపెట్టె ఉండేది, అంచులకు ఇనపరేకు బిగించి. దాన్ని లైన్ బాక్స్ అనేవాళ్లం. ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి లాంతరు, ఈల, రూల్సు పుస్తకం, దెబ్బ తగిలితే కట్టే గుడ్డలు అందులో ఉండాలి. డిటోనేటర్ల డబ్బా కూడా ఉండాలి. డిటోనేటరంటే పట్టా మీద పెట్టే మందుబిళ్ళ. చక్రం ఎక్కగానే పేలి, వెనక వచ్చే డ్రైవరును ఆపుతుంది. వీటితోపాటు గార్డు గిన్నెలు, తిండి కూడా అందులోనే. ఆ పెట్టెను బండి చివర గార్డు కూర్చునే బ్రేక్ వాన్‌లోకి ఎక్కించడం, బండి తిరిగొచ్చాక దించడం నా పని.

నా చదువు రెండో తరగతితో ఆగింది. పెట్టెల మీది పేర్లు కూడబలుక్కోవడానికి అది సరిపోయేది. నిజానికి పేరు చదవక్కర్లేదు, ఎత్తితే చాలు, ఎవరిదో చెప్పేవాణ్ని. ఒకాయన ఇనప కుంపటి మోసుకుపోయేవాడు, ఆయన పెట్టె ఎప్పుడూ ఎడమపక్కకు ఒరిగేది. ఇంకొకాయన పెట్టెలో పూజ గంట ఉండేది, అడుగు వేసినప్పుడల్లా అది నాతోపాటు నడిచేది.

అవి యుద్ధం రోజులు. యార్డులో బండి వెనక బండి. గార్డు ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకునేలోపే కాల్ మేన్ గుమ్మం ముందుండేవాడు. డ్యూటీకి పిలిచి పుస్తకంలో సంతకం పెట్టించుకునే మనిషి ఆయన. అంతకుముందు నేను తోసే ఠేలాబండి మీద రెండు పెట్టెలుంటే ఎక్కువ. ఇప్పుడు ఆరేసి. నేను నడక మానేసి పరుగు పట్టాను. కొన్నాళ్లకు ఆ పరుగు నాకు రుచించింది కూడా. "హటో హటో, సింహాచలం మెయిల్ ఆ రహా హై" అని పట్టాలు మార్చే పాయింట్స్‌మెన్ నవ్వుతూ దారిచ్చేవారు. తప్పుకోండి, సింహాచలం మెయిల్ వస్తోందని; సింహాచలమంటే నేనే. మెయిల్ బండితో పోల్చారు కదా అని నా ఛాతీ ఇంకో రెండంగుళాలు పొంగేది.

ఆ గార్డుల్లో అప్పలస్వామి గారొకరు. పాలకొండ వైపు మనిషి, యాభై దగ్గర పడ్డాయి. మా అమ్మ పుట్టిల్లు కూడా ఆ చుట్టుపక్కలే కావడంతో ఆయన భార్య పైడమ్మను నేను అప్పా అని పిలిచేవాణ్ని. అప్పంటే మా వైపు అక్క. ఆ వరసన ఆయన నాకు బావ. మిగతా గార్డుల పెట్టెలు స్టేషన్లో బాక్స్ రూములోనే ఉండేవి. ఈయనది మాత్రం ఇంటికి వెళ్లేది. రాగిపిండితో కాచే చోడి అంబలి, ఉలవచారు, అన్నం తన చేత్తో సర్దితే తప్ప అప్పకు నిద్ర పట్టదు. అందుకని నేను రోజు విడిచి రోజు వాళ్ల క్వార్టరుకు వెళ్లేవాణ్ని, ఒకసారి దించడానికి, ఒకసారి ఎత్తడానికి.

వెళ్లిన ప్రతిసారీ అప్ప మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడేది.

"కూకో తమ్ముడూ, సెంబుడు మజ్జిగ తాగి ఎల్లు."

"బండుందప్పా."

"నీకెప్పుడూ బండే. బండి నేని రోజున రా పోనీ."

"బండి నేకపోతే నానెందుకొస్తానప్పా!"

భలే మాటన్నాననుకుని నవ్వుకుంటూ ఠేలా తోసుకుపోయేవాణ్ని. రెండు నెలలపాటు ఇదే మాట, ఇదే నవ్వు. ఆవిడ చెంబు పట్టుకుని నిలబడే ఉండేది. వెనక్కి తిరిగి చూసినవాణ్ని కాను.

ఆ రోజుల్లో నా చేతులకు ఒక సంగతి తెలుస్తూనే ఉంది. మామూలుగా ఏ గార్డు పెట్టయినా వెళ్లేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు తేలిక. తిండి అయిపోతుంది కదా. అప్పలస్వామి బావ పెట్టె మాత్రం ఎంత బరువుతో వెళ్లేదో అంతే బరువుతో వచ్చేది. మూత సందుల్లోంచి పులిసిన అంబలి వాసన, దానిమీద చుట్ట వాసన. భుజానికి ఎత్తుకునేటప్పుడు 'అబ్బ' అనుకునేవాణ్ని, దించగానే మరిచిపోయేవాణ్ని.

చుట్ట సంగతి కూడా చెప్పాలి. మా వైపు అడ్డపొగ అని ఉంది. చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరదు, వానకు తడవదు. పెద్దాడవాళ్లు ఎక్కువగా అలా కాలుస్తారుగానీ బావకూ అదే అలవాటు. బ్రేక్ వాన్ అంటే ఎప్పుడూ ఎదురుగాలేగా. కూర్చుని నాలుగు ముద్దలు తినాలంటే బండి ఆగాలి, చెయ్యి ఖాళీ ఉండాలి. చుట్టకు రెండూ అక్కర్లేదు.

అసలు సంగతి జరిగిన రోజు ఉదయం పది దాటింది. అప్పటికే పట్టాలు కాలిపోతున్నాయి. ఠేలా మీద ఆరు పెట్టెలు, రెండు బండ్లు బయల్దేరడానికి సిద్ధం. లోకోషెడ్ దగ్గర పట్టాలు దాటుతుంటే ఒక చక్రం సందులో దిగబడింది. నేను ఆగి ఎత్తకుండా ఒక్క ఊపున గుంజాను. పై వరసలో ఉన్న బావ పెట్టె జారి కిందపడి మూత తెరుచుకుంది. అంబలి గిన్నె బోర్లాపడింది.

చుట్టూ చూశాను, ఎవరూ లేరు. గబగబా అన్నీ పోగేశాను. రెండు జెండాల్లో ఒకదాని కర్రకు, చేత్తో పట్టుకునే చోట, గుడ్డపేలిక గట్టిగా చుట్టి ఉంది. దాని నిండా అంబలి. ఏదో పాత గుడ్డ అనుకుని పళ్లతో ముడి విప్పి, లాగి, విసిరేశాను. జెండాలు రెండూ తుడిచి చేతికి దొరికిన వరసలో లోపల కుక్కాను. మూత వేసి మళ్లీ పరుగు.

బ్రేక్ వాన్ దగ్గర బావ నిలబడి ఉన్నాడు. పెట్టె ఎక్కించాను. ఆయన చెయ్యి లోపల పెట్టి కాసేపు తడిమాడు. ఆయన కళ్లు పెట్టె మీద లేవు, దూరంగా ఎక్కడో ఉన్నాయి. అప్పుడు గమనించలేదు, తర్వాత గుర్తొచ్చింది.

సిగ్నలు పడింది. ముందున్న డ్రైవరు పెద్ద ఈల వేశాడు. గార్డు పచ్చజెండా ఊపితే బండి కదలాలి. బావ మెట్టు మీద నిలబడి జెండా చాచి ఊపాడు. అది ఎర్రజెండా.

బండి కదల్లేదు. డ్రైవరు మళ్లీ ఈల వేశాడు. బావ ఇంకా గట్టిగా, ఒళ్లంతా వంచి, అదే ఎర్రజెండా ఊపుతున్నాడు. ఆ చివర ఇంజనులోంచి డ్రైవరు సగం ఒంటిని బయటపెట్టి రెండు చేతులూ ఎత్తి అరిచాడు. "క్యా గార్డ్ సాబ్! ఖుద్ హీ రోక్‌తే హో, ఖుద్ హీ బులాతే హో?" ఆపేదీ నువ్వే, రమ్మనేదీ నువ్వేనా అని. యార్డులో నలుగురు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

"బావా, ఎర్రది పట్టుకున్నావు!" అన్నాను కిందనుంచి.

ఆయన నవ్వలేదు. కిందికి వంగి రెండు జెండాలూ నా ముఖం దగ్గర పెట్టాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"పచ్చది ఏదిరా సింహాలూ?"

వేలితో చూపించాను. ఆయన దాన్ని ఊపాడు. బండి కదిలింది. బ్రేక్ వాన్ నన్ను దాటిపోతుంటే ఆయన నా వైపే చూస్తున్నాడు గానీ, ఆ చూపు నా చెవి పక్కనుంచి పోతున్నట్టుంది.

అప్పుడు నేను చెయ్యాల్సింది స్టేషన్ మాస్టరు దగ్గరికి పరుగెత్తడం. రోజంతా అక్కర్లేని చోట పరుగెత్తినవాణ్ని, పరుగెత్తాల్సిన ఆ ఒక్క నిమిషంలో నిలబడిపోయాను. బండి దారిలో ఆగిపోతే వెనక బండిని ఎర్రజెండాతో ఆపాల్సింది ఆయనే. అది నాకు తెలుసు. తెలిసీ పోనిచ్చాను. ఏమీ జరగలేదు కాబట్టి ఈరోజు కూర్చుని చెప్పుకోగలుగుతున్నాను. జరిగి ఉంటే చెప్పుకోవడానికి నాకు నోరుండేది కాదు.

మిగిలిన పెట్టెలు నా జతగాడికి అప్పజెప్పి అప్ప ఇంటికి వెళ్లాను. ఆవిడ చేటలో బియ్యం పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. ఖాళీ చేతులతో వచ్చిన నన్ను చూసి లేచింది. అలవాటు కొద్దీ చెంబు అందుకుంది, కానీ కూకోమనలేదు. నేనే వెళ్లి అరుగు మీద కూర్చున్నాను.

అప్ప ముఖం తెల్లబోయింది. "ఏటయ్యింది నాయినా? బండికేటైనా అయ్యిందేటి?"

"బండికేటీ కానేదు. అప్పా, బావకి రంగులు అగుపించడం నేదా?"

ఆవిడ చెంబు కింద పెట్టి నా పక్కన కూలబడింది.

"ఉగాది ముందునించీ," అంది. "కారం పెడదామని పండు మిరపకాయలు ఏరమన్నాను. పచ్చివీ పండువీ కలిపి ఏరీసి బుట్ట నా ముందెట్టినాడు. ఎటకారం సేస్తన్నాడనుకుని తిట్టినాను. ఆ బుట్ట మీదే కళ్లు పెట్టుకుని కూకున్నాడు తమ్ముడూ. అప్పుడు తెలిసింది. ఎవరికీ సెప్పనని ఒట్టేయించుకున్నాడు. ఎర్రజెండా కర్రకి పేలిక సుట్టి ఇచ్చినాను, సేతికి తెలుస్తాదని."

ఆ పేలిక ఏమైందో నేను చెప్పాను. అప్ప నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

"ఒట్టేసినావు, సరే. నాక్కూడా సెప్పకూడదేటప్పా?"

"నీకు సెప్పాలనే గదా రోజూ సెంబు పట్టుకుని నిలబడ్డాను! నువ్వు పెట్టె మోసేవోడివి, నీకు తెలిస్తే సాయంగా ఉంటాదని. నాను గుమ్మంలోంచి అరిసి సెప్పే మాటా అది? గోడవతల ఇంకో గార్డు ఇల్లు. నువ్వు కూకుంటేగదా నాను సెప్పడానికి!"

నేను చెంబు ఎత్తి మజ్జిగ తాగాను. వామ్మాకు వేసిన మజ్జిగ అది. రెండు నెలలుగా ఆవిడ అందులో ఏం వేస్తోందో కూడా నాకు తెలియదు.

స్టేషనుకు తిరిగొచ్చి, తంతి కబుర్లు అందుకునే తార్‌బాబును అడిగాను. బండి దారిలోని బిల్హా దాటిందన్నాడు. గంటకోసారి వెళ్లి అడుగుతుంటే, "ఏరా, ఆ బండిలో నీ పెళ్లికూతురేమైనా ఉందా?" అని కసిరాడు. రాయపూర్ చేరిందని విన్నాక గానీ నాకు అన్నం దిగలేదు.

బావ మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. పెట్టె దించుతుంటే, అంబలి ఒలికిపోయినా, చేతులకు దాదాపు అదే బరువు. ఇంటి అరుగు మీద పెట్టె దించి, ఆయన ముందే మూత తీశాను. అన్నం ముద్ద ముద్దలాగే ఉంది. ఉలవచారు బుడ్డికి కట్టిన గుడ్డ కూడా విప్పలేదు. మూలన చుట్ట ముక్కలు.

అంతలోనే కాల్ మేన్ పుస్తకం పట్టుకుని వచ్చాడు. నాలుగు గంటలకు స్పెషల్, సంతకం పెట్టమన్నాడు. బావ కలం కోసం చెయ్యి చాచాడు.

నేను మూత వేసి పెట్టె మీద కూర్చున్నాను.

"లెగరా," అన్నాడు బావ.

"లెగను."

"ఒరే, నా డ్యూటీ ఉందిరా."

"నాకూ ఉంది. నీ పెట్టె ఎక్కించడం నా డ్యూటీ. ఎక్కించను. ఏటి సేస్తావు, రిపోర్టు ఇస్తావా? ఇచ్చీ."

"బావమరిదివని ఊరుకుంటన్నాను. పెట్టె మీదికెక్కి కూకున్నావు, పొదిగే కోడిలాగ!"

"కోడినే అనుకో. నాను లెగాలంటే ఒక్క పని సెయ్యి." మూత కాస్త ఎత్తి రెండు జెండాలూ లాగి ఆయన ముందు పెట్టాను. "ఏది ఎర్రదో సెప్పు. సెప్పినావంటే పెట్టె నెత్తినెట్టుకుని గెంతుకుంటా ఎల్తాను."

ఆయన జెండాల వైపు చూడలేదు. బొటనవేలితో ఒక కర్ర తడిమాడు, తర్వాత రెండోది. పేలిక ఎక్కడా తగల్లేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది. కాల్ మేన్ ఛత్తీస్‌గఢ్ మనిషి, మా మాట అతనికి అర్థం కాదు. అయినా ఆ చెయ్యి చూసి పుస్తకం మూసేసి, పక్కకు తిరిగి నిలబడ్డాడు.

"అన్‌ఫిట్ అని రాసీసి మూల కూకోబెడతార్రా," అన్నాడు బావ. "ఇరవయ్యేళ్లయింది. ఆ బండి దిగిపోతే నానేటి?"

వాకిట్లోంచి అప్ప అంది. "నా మొగుడివి. అది సాలదేటి?"

చివరికి కాల్ మేనే గొంతు సవరించుకుని, "అచ్ఛా, గార్డ్ సాబ్, సిక్ లిఖ్ దూఁ?" అని మెల్లగా అడిగాడు. ఒంట్లో బాగాలేదని రాసుకోనా అని. బావ తలూపి సంతకం పెట్టాడు. ఆ గీత వంకరగా వచ్చింది.

రైల్వే ఆసుపత్రి డాక్టరు గారు బల్ల మీద రంగురంగుల ఊలు పోగులు గుట్టగా పోశారు. ఇలాంటివన్నీ ఒకవైపు, అలాంటివన్నీ ఒకవైపు పెట్టమన్నారు. బండి నడిపేవాళ్ల కళ్లను ఆ రోజుల్లో అలా చూసేవారు. బావ ఎర్ర పోగుల్లో పచ్చవి కలిపేశాడు. డాక్టరు కోప్పడలేదు. అద్దం పెట్టి కళ్లలోకి చూశారు. రోజుకు ఎన్ని చుట్టలని అడిగారు, ఎప్పుడు భోంచేస్తావని అడిగారు. రెండో ప్రశ్నకు బావ తల దించుకున్నాడు.

నేను కలగజేసుకున్నాను. "పెట్టె ఎంత బరువుతో వెళ్తుందో అంతే బరువుతో వస్తుంది సాబ్."

"ఎన్నాళ్లుగా?"

"రెండు నెలలుగా."

ఆయన నావైపు తిరిగారు. "నీకు తెలుసన్నమాట. ఎవరికైనా చెప్పావా?"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను.

ఖాళీ కడుపు, ఆగని పొగ, ఈ రెండూ కలిసి కంటి వెనకనున్న నరాన్ని తింటున్నాయని ఆయన అన్నారు. చుట్ట పూర్తిగా మానాలి, వేళకు కూర్చుని తినాలి. చూపు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, మాట ఇవ్వలేనన్నారు. అంతవరకు బండి ఎక్కడానికి వీల్లేదని కాగితం రాశారు. మందులు ఇచ్చారు గానీ, "అసలు మందు మీ ఇంటావిడ కట్టి పంపే గిన్నెలోనే ఉంది" అని నవ్వారు.

బావను నా బాక్స్ రూములోనే కూర్చోబెట్టారు, పెట్టెల్లో సామాను సరిగ్గా ఉందో లేదో చూసే లైట్ డ్యూటీ. మొదటి నెల ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. బండి ఈల విన్నప్పుడల్లా లేచి గుమ్మం దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చునేవాడు. చుట్ట బదులు వేయించిన చింతపిక్కలు నమిలేవాడు. "ఏటి బావా, రూములో ఎలక దూరిందేటి, ఒకటే సప్పుడు?" అంటే, పిక్క తీసి నా మీదికి విసిరేవాడు. మధ్యాహ్నం తన పాత పెట్టె మీదే విస్తరేసుకుని కూర్చునేవాడు. తినడం అయ్యేదాకా నేను ఎదురుగా కూర్చోవాలని అప్ప ఆజ్ఞ.

అక్కడ కూర్చున్నప్పుడు నేను చూసింది ఒకటుంది. ఆయన పెట్టెలు చూసే తీరు. మూత తీసి ఒక్కో వస్తువునూ చేత్తో ముట్టి, పేరు పైకి చెప్పి, అప్పుడు మూత వేసేవాడు. బండ్లు ఎన్ని ఉన్నా అంతే. ఆయన వల్ల ఒక్క బండీ ఆలస్యం కాలేదు. నేను ఇన్నాళ్లు పరుగెత్తి ఎవరికి ఎన్ని నిమిషాలు మిగిల్చానో ఆలోచిస్తే ఒక్కటీ గుర్తురాలేదు. ఫోర్‌మన్ దగ్గరికెళ్లి, ఇకమీద ఠేలాకు మూడు పెట్టెలే ఎత్తుతానని చెప్పాను. కేకలేశాడు. ఇంకో ఠేలా, ఇంకో మనిషీ కావాలన్నాను. మళ్లీ కేకలేశాడు. నెలన్నర పట్టింది గానీ, ఇచ్చాడు.

వానలు వెనకబట్టాక ఒకరోజు బావ ఇంటినించి వస్తూ గుప్పిట్లో రెండు మిరపకాయలు తెచ్చాడు. బల్ల మీద పెట్టి, "ఇది పండు, ఇది పచ్చి. కొరికి సెప్పమంటావా, సూసి సెప్పమంటావా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. డాక్టరు గారు మళ్లీ ఊలు పోగులు పోశారు. ఒక లేత పచ్చ పోగు దగ్గర బావ చెయ్యి ఆగింది. డాక్టరు తొందరపెట్టలేదు. ఆ పోగు సరైన గుట్టలోకే వెళ్లింది. ఇంకో రెండుసార్లు, వేరువేరు రోజుల్లో చూసి గానీ ఆయన కాగితం మీద సంతకం పెట్టలేదు.

దసరా వెళ్లాక బావ మళ్లీ బండెక్కాడు. తిరిగొచ్చిన రోజు నేను ఎప్పటిలాగే కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగించి పెట్టె ఎత్తబోయాను. ఎంత తేలిగ్గా లేచిందంటే నేను వెనక్కి తూలిపడబోయాను. లోపల కడిగిన గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. "ఏటిరా, తాగినావేటి?" అని బావ పైనుంచి నవ్వాడు.

ఆ పని నేను ఇంకా చాలా ఏళ్లు చేశాను. బరువు చూసి మనిషిని పోల్చుకోగలనని గొప్ప చెప్పుకునేవాణ్ని కదా. పోల్చుకోవడం వేరు, ఏమైందని అడగడం వేరు. ఆ రెండోదానికి కాసేపు ఆగాలి. ఇప్పుడు నేను ఎవరి గుమ్మంలోకి వెళ్లినా, కూర్చోమంటే కూర్చుంటాను. పనుందని చెప్పను. మజ్జిగ మీద మోజుతో కాదు. నిలబడి ఉన్నవాడికి ఎవరూ అసలు మాట చెప్పరు.